కోర్ 2 డ్యుయో, ఆటమ్, పెంటియం: పాత ప్రాసెసర్లకు స్పెక్టర్, మెల్ట్‌డౌన్ ముప్పు ఉందా?

డీటీపీ_తెనాలి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది తెనాలిలో చిన్న డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ఇదీ పని. మూడు సిస్టమ్‌లున్నాయి. మొదటిది కోర్ 2 డ్యుయో ఈ8400, 4 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. పేజ్‌మేకర్, అను ఫాంట్లు దాని మీదే. ఇన్నేళ్ళ ఫైళ్ళు అందులో ఇరుక్కుపోయి ఉన్నాయి కాబట్టి వదల్లేకపోతున్నా. రెండోది ఆటమ్ ఎన్270 నెట్‌బుక్, మా అమ్మాయి ఇంటర్లో ఉండగా కొన్నది. మూడోది అటక మీద ఉంది. పెంటియం 166 ఎంఎంఎక్స్, నాన్నగారు షాపు పెట్టినప్పటిది.

పోయిన వారం మా బావమరిది వచ్చి, "స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అని లోపాలున్నాయి బావా, అవి చిప్పులోనే ఉంటాయి, ఏ యాంటీవైరస్‌కీ పోవు, మూడూ తీసి పాత సామానుకి వేసెయ్" అన్నాడు. మా సర్వీసు కుర్రాడేమో "అవి ఈ మధ్య చిప్పుల్లో వచ్చిన లోపాలు సార్, మీవి పాతవి, మీకేం కాదు" అంటాడు. ఎవరి మాట నమ్మాలి? ఆధార్ కాపీలు, పిల్లల మార్కుల లిస్టులు, ఇంకా ప్రింటుకి వెళ్ళని ప్రశ్నపత్రాలు నా దగ్గర ఉంటాయి. జనం నమ్మి ఇస్తున్నారు కాబట్టి సరిగ్గా తెలుసుకోవాలని అడుగుతున్నా.

ఓరుగల్లు_లినక్స్ | సోమవారం, రాత్రి 10:05

అన్నా, ఇద్దరు చెప్పిందీ సగమే. ఈ8400కి ముప్పు ఉంది. నెట్‌బుక్‌కి లేదు, అటక మీది పెంటియంకీ లేదు.

ఇక్కడ వయసు లెక్కలోకి రాదు. ఈ8400 వచ్చింది 2008 జనవరిలో, ఎన్270 కూడా ఆ ఏడాదే వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే ఏడు. అయినా ఒకదానికి లోపం ఉంది, రెండోదానికి లేదు. తేడా అంతా లోపల పని నడిచే వరసలో ఉంది. అది వేఫర్ గారు చెబితేనే బాగుంటుంది.

వేఫర్_బెంగళూరు | సోమవారం, రాత్రి 11:32

పిలిచారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. నేను ప్రాసెసర్ల వెరిఫికేషన్‌లో పనిచేస్తున్నాను. 2018 జనవరి 3న ఈ సంగతి బయటపడ్డ రాత్రి మా టీములో ఎవరికీ నిద్ర లేదు.

ఒక టిఫిన్ హోటల్ అనుకోండి. రోజూ ఏడున్నరకి ఒకాయన వచ్చి పెసరట్టు చెబుతాడు. కొన్నాళ్ళకి వంటమాస్టరు ఆయన గుమ్మంలో కనబడగానే పెనం మీద పిండి వేసేస్తాడు, చెప్పేదాకా ఆగడు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు టైము కలిసొస్తుంది. ఒకరోజు ఆయన "ఇవాళ ఇడ్లీ" అంటాడు. మాస్టరు పెసరట్టు తీసి పక్కన పడేస్తాడు. బిల్లులో పెసరట్టు లేదు, ప్లేటులో లేదు, లెక్క ప్రకారం అది జరగనే లేదు. కానీ పెనం వేడిగానే ఉంది. వెనక నుంచి వచ్చి పెనం మీద చెయ్యి పెట్టి చూసినవాడికి లోపల ఏం జరిగిందో తెలిసిపోతుంది.

ప్రాసెసర్ కూడా ఇంతే. "ఈ షరతు నిజమైతే ఇటు వెళ్ళు" అని ప్రోగ్రాములో ఉంటే, షరతు తేలడానికి మెమరీ నుంచి విలువ రావాలి. అందుకు వందల సైకిళ్ళు పట్టొచ్చు. అంతసేపు ఖాళీగా కూర్చోకుండా, పోయినసారి ఎటు వెళ్ళిందో చూసుకుని అటే ముందుకు పోతుంది. ఊహ తప్పితే చేసిన పనంతా రద్దు చేస్తుంది. రిజిస్టర్లు, అంటే చిప్పు లోపల లెక్కలకి వాడుకునే చిన్న గళ్ళు, పాత విలువలకి వస్తాయి, మెమరీలో మార్పేమీ ఉండదు. కానీ ఆ దారిలో క్యాష్‌లోకి, అంటే చిప్పులోనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీలోకి, తెచ్చిన డేటా అక్కడే ఉండిపోతుంది. అదే వేడి పెనం. ఏ చిరునామా త్వరగా పలుకుతుందో, ఏది ఆలస్యంగా పలుకుతుందో కొలిస్తే రహస్యం ఒక్కో బైటుగా బయటికి వస్తుంది. స్పెక్టర్ అంటే ఇదే. షరతు దగ్గర ఇలా మోసపోతే మొదటి రకం (వీ1), ఎక్కడికి దూకాలో అప్పటికప్పుడు తేలే పరోక్ష జంప్ దగ్గర మోసపోతే రెండో రకం (వీ2).

మెల్ట్‌డౌన్‌ది ఇంకో దారి. కౌంటర్లో టోకెన్ చూసి పార్సిల్ ఇవ్వాలి. ఇక్కడ పార్సిల్ కట్టడం ముందు మొదలుపెట్టి టోకెన్ తర్వాత అడుగుతారు. మామూలు ప్రోగ్రాము కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెమరీని చదవబోతే "నీకు అనుమతి లేదు" అని ప్రాసెసర్ చెప్పే మాట నిజమే. కానీ చెప్పేలోపే ఆ విలువతో తర్వాతి పని కాస్త నడిచిపోతుంది.

ఇప్పుడు మీ మూడు సిస్టమ్‌ల సంగతి. వరస తప్పించి, ముందుకు దూకి పనిచేసే పద్ధతి ఇంటెల్ ఎక్స్86 చిప్పుల్లోకి 1995 నవంబర్లో పెంటియం ప్రోతో వచ్చింది. పెంటియం 2, పెంటియం 3, పెంటియం 4, పెంటియం ఎం, కోర్, కోర్ 2, ఆ తర్వాత ఐ3, ఐ5, ఐ7, అన్నీ ఈ దారిలోనివే. మెల్ట్‌డౌన్ కనిపెట్టినవాళ్ళు కూడా "1995 నుంచి వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ, ఇటానియం, 2013కి ముందు ఆటమ్ తప్ప" అనే చెప్పారు. అయితే వాళ్ళు స్వయంగా పరీక్షించి చూపించింది 2011 నుంచి వచ్చిన చిప్పుల మీద. ఈ తేడా చాలామంది వదిలేస్తారు.

మీ పెంటియం 166 ఎంఎంఎక్స్ దీనికి ముందుతరం డిజైన్. అందులో బ్రాంచ్ ప్రెడిక్షన్, అంటే ఎటు వెళ్తుందో ఊహించడం, ఉంది, లేదనుకోకండి. కానీ ఆ మాస్టరు పిండి గిన్నె దగ్గరికి జరిగి నిలబడతాడే కానీ, ఆర్డరు తేలకుండా పెనం మీద వెయ్యడు. ఊహించిన దారిలో ఇన్‌స్ట్రక్షన్లను తెచ్చి డీకోడ్ చేసి పెట్టుకుంటుంది, అంతే. మెమరీ నుంచి ఒక రహస్యం తెచ్చి, దాన్ని పట్టుకుని రెండో చిరునామాని ముట్టుకునేంత వ్యవధి దానికి లేదు. ఆటమ్ ఎన్270 బానెల్ డిజైన్ కూడా వరసగా నడిచేదే. కరెంటు ఆదా కోసం అలా కట్టారు. ఆటమ్‌లోకి వరస తప్పించే పద్ధతి 2013లో సిల్వర్‌మాంట్‌తో వచ్చింది.

లినక్స్ కెర్నెల్లో ఒక పట్టిక ఉంటుంది, ఏ చిప్పుకి ఏ లోపం వర్తించదో. అందులో 486 తరం, ఇంటెల్ ఐదో ఫ్యామిలీ అంటే మీ పెంటియం, బానెల్, సాల్ట్‌వెల్ ఆటమ్‌లు "స్పెక్యులేషన్ లేదు", అంటే ఊహించి ముందే పనిచెయ్యడం లేదు అన్న వర్గంలో ఉన్నాయి. మీ రెండు సిస్టమ్‌లూ అందులో పడ్డాయి. ఈ8400 పడలేదు.

పాతసామాను | మంగళవారం, ఉదయం 6:50

వేఫర్ గారూ, నమస్తే. నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా పాత సిస్టమ్‌లు కొని బాగుచేసి అమ్ముతుంటాను. నా అనుభవం వేరుగా ఉంది.

స్పెక్టర్ పేపరు చివర ఇచ్చిన సీ ప్రోగ్రాము తెచ్చి నా దగ్గరున్న ఈ8400 మీదే నడిపాను. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోయింది. అదే ప్రోగ్రాము మా అబ్బాయి ఐ5 లాప్‌టాప్ మీద చక్కగా నడిచి, దాచిన వాక్యం మొత్తం కక్కేసింది. అంటే కోర్ 2లో ఆ లోపం లేదనే కదా? రెండేళ్ళుగా కొనేవాళ్ళకి ఇదే చెబుతున్నాను.

వేఫర్_బెంగళూరు | మంగళవారం, ఉదయం 8:15

పాతసామాను గారూ, మీరు స్వయంగా నడిపి చూశారు, అందుకు సంతోషం. కానీ దాని అర్థం మీరనుకున్నది కాదు.

ఆ ప్రోగ్రాము టైము కొలవడానికి ఆర్‌డీటీఎస్‌సీపీ అనే ఇన్‌స్ట్రక్షన్ వాడుతుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో అది మొదటి కోర్ ఐ7తో, అంటే నెహలెమ్ తరంతో వచ్చింది. కోర్ 2కి అది తెలియదు, అందుకే ఆగిపోయింది. ఆగింది దొంగ చేతిలోని గడియారం, తాళం తెరుచుకోకపోవడం కాదు. దాని బదులు పాత ఆర్‌డీటీఎస్‌సీ పెట్టి, ముందూ వెనకా ఫెన్స్ (ముందరి పని అయ్యేదాకా ఆపే ఇన్‌స్ట్రక్షన్) వేసి మళ్ళీ నడపండి. క్యాష్‌లో ఉన్నట్టా లేనట్టా అని తేల్చే హద్దు 80 సైకిళ్ళని రాసి ఉంటుంది, మీ సిస్టమ్‌లో కొలిచి మార్చుకోండి.

పెంటియం 3 మీద ఇంకో అడ్డం వస్తుంది. క్యాష్ లైన్‌ని ఖాళీ చేసే సీఎల్ ఫ్లష్ అందులో లేదు, అది పెంటియం 4 నుంచి వచ్చింది. అక్కడ కూడా ప్రోగ్రాము ఆగిపోతుంది. కానీ పెద్ద ఎర్రే మొత్తం చదివితే పాత లైన్లు వాటంతటవే బయటికి పోతాయి. కాబట్టి అదీ రక్షణ కాదు.

అథ్లాన్_అభిమాని | మంగళవారం, ఉదయం 9:03

మధ్యలో వస్తున్నా. నాది అథ్లాన్ 64 ఎక్స్2. ఏఎండీకి ఇవేవీ లేవంటారు, నిజమేనా?

ఓరుగల్లు_లినక్స్ | మంగళవారం, ఉదయం 9:20

మెల్ట్‌డౌన్ లేదు బ్రదర్. ఏఎండీ అనుమతి తేలకుండా ఆ విలువను ముందుకి పంపదు. స్పెక్టర్ ఉంది. రెండో రకానికి మొదట "ప్రమాదం దాదాపు సున్నా" అన్న ఏఎండీనే, 2018 జనవరి 11న అది తమ చిప్పులకీ వర్తిస్తుందని చెప్పింది. అదే నెలలో వచ్చిన విండోస్ ప్యాచ్ కొన్ని పాత ఏఎండీ సిస్టమ్‌లను బూట్ కాకుండా చేస్తే మైక్రోసాఫ్ట్ వాటికి ప్యాచ్ ఆపి, సరిచేసి మళ్ళీ ఇచ్చింది.

పాతసామాను | మంగళవారం, రాత్రి 11:10

వేఫర్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. సాయంత్రం షాపు కట్టేశాక ఈ8400 మీద లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి కూర్చున్నా. ఆ లైను తీసి ఆర్‌డీటీఎస్‌సీ పెట్టాను. మొదటిసారి అన్నీ "అన్‌క్లియర్" అని వచ్చాయి. విడిగా చిన్న ప్రోగ్రాము రాసి క్యాష్‌లో ఉన్నదానికి ఎంత, లేనిదానికి ఎంత పడుతుందో వెయ్యిసార్లు కొలిచి, మధ్యలో హద్దు పెట్టాను.

ఈసారి స్క్రీను మీద ఒక్కో లైనుకి ఒక్కో అక్షరం దిగింది. ముందు టీ. తర్వాత హెచ్. తర్వాత ఈ. పక్కన "సక్సెస్". 40 అక్షరాలకి 38 సరిగ్గా వచ్చాయి. ఆ ప్రోగ్రాము హద్దులోపలి విలువ ఐదుసార్లు ఇచ్చి నమ్మకం కుదిర్చి, ఆరోసారి హద్దు దాటిన విలువ ఇస్తుంది. ఆ ఆరోసారే చిప్పు మోసపోతోంది. కోడులో ఎక్కడా ఆ వాక్యాన్ని నేరుగా చదివే లైను లేదు. అయినా వాక్యం నా కళ్ళముందు నిలువుగా పేరుకుంటూ వచ్చింది. ఒళ్ళు జలదరించింది.

తర్వాత ఎన్270 నెట్‌బుక్ తీశాను, నా దగ్గర రెండున్నాయి. అదే మార్పు, అక్కడ మళ్ళీ హద్దు కొలిచాను. రెండిటి మీదా పదేసిసార్లు నడిపాను. ఒక్క అక్షరం రాలేదు. గంటన్నర కూర్చుని హద్దు పెంచుతూ తగ్గిస్తూ చూశాను, అయినా రాలేదు.

రెండేళ్ళుగా నేను తప్పు చెప్పి అమ్మాను. కోర్ 2 తీసుకెళ్ళినవాళ్ళ ఫోన్ నంబర్లు పుస్తకంలో ఉన్నాయి, రేపటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. ఎక్స్‌పీ వాడేవాళ్ళకి లినక్స్ వేసి ఇస్తాను, డబ్బు తీసుకోను.

డీటీపీ_తెనాలి | బుధవారం, ఉదయం 7:25

పాతసామాను గారూ, మీరు చేసి చూపించాక ఇంక అనుమానం లేదు. పెద్ద మనసు మీది.

అయితే ఈ8400 సంగతి ఏం చెయ్యాలి? మైక్రోకోడ్ అప్‌డేట్ (చిప్పు లోపలి సూచనలను సరిచేసేది) అని ఒకటి ఉంటుందట, బయోస్‌లో వేస్తే చిప్పే బాగుపడుతుందని మా కుర్రాడు కొత్తగా చెబుతున్నాడు. ఎక్స్‌పీకి ప్యాచ్ ఏమైనా ఉందా?

ఓరుగల్లు_లినక్స్ | బుధవారం, ఉదయం 10:48

రెండిటికీ లేదన్నా. ఎందుకు లేదో చెబుతా.

మైక్రోకోడ్: ఇంటెల్ మొదట పాత చిప్పులకి కూడా ఇస్తానంది. 2018 ఏప్రిల్‌లో వెలువడిన జాబితాలో కొన్ని తరాలకి పని ఆపేశామని రాసింది. పెన్రిన్, వోల్ఫ్‌డేల్, యార్క్‌ఫీల్డ్, హార్పర్‌టౌన్, బ్లూమ్‌ఫీల్డ్, క్లార్క్స్‌ఫీల్డ్, గల్ఫ్‌టౌన్, ఇలా. మీ ఈ8400 వోల్ఫ్‌డేల్. ఆ చిప్పుల నిర్మాణంలో ఈ దిద్దుబాటు పెట్టడం కుదరదని, వాటికి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ సపోర్టు తక్కువని, చాలామటుకు బయటి నెట్‌తో సంబంధం లేని చోట్ల వాడుతున్నారని కారణాలు చెప్పింది. చివరి కారణం నాకు మింగుడు పడదు. మన ఊళ్ళల్లో కోర్ 2 సిస్టమ్‌లు నెట్ సెంటర్లలో, స్కూళ్ళలో, ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే షాపుల్లో పగలంతా నెట్‌కి తగిలించే ఉంటాయి.

ఎక్స్‌పీ: 2014 ఏప్రిల్ 8తో దాని సపోర్టు అయిపోయింది. లోపం బయటపడింది 2018లో. మెల్ట్‌డౌన్‌కి ఎక్స్‌పీ ప్యాచ్ ఎన్నడూ రాలేదు. విండోస్ 7కి వచ్చింది కానీ మొదట వచ్చిన 64-బిట్ ప్యాచ్ ఇంకో పెద్ద గొయ్యి తవ్వింది. పేజ్ టేబుళ్ళను, అంటే ఏ మెమరీ ఎక్కడుందో చెప్పే పట్టికలను, మామూలు ప్రోగ్రాములకి కూడా తెరిచేసింది. ఉల్ఫ్ ఫ్రిస్క్ అనే స్వీడన్ పరిశోధకుడు దాన్ని పట్టుకున్నాక 2018 మార్చి చివర్లో సరిచేశారు.

ఇంక మిగిలింది లినక్స్. ఇక్కడ మీ ఈ8400కి నిజంగానే మంచి కబురుంది. మెల్ట్‌డౌన్‌కి చిప్పు మారక్కర్లేదు, కెర్నెల్ పేజ్ టేబుళ్ళను వేరు చేస్తే చాలు. 2018 జనవరి 28న వచ్చిన 4.15 కెర్నెల్ నుంచి అది ఉంది. స్పెక్టర్ రెండో రకానికి గూగుల్‌లో పాల్ టర్నర్ చేసిన రెట్‌పొలీన్ ఉంది. పరోక్ష జంప్‌లను రిటర్న్ ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చి రాయడం, అంతే. దీనికి మైక్రోకోడ్ అక్కర్లేదు. పైగా ఇది స్కైలేక్ (2015 నాటి ఆరో తరం ఇంటెల్) కంటే పాత చిప్పుల మీదే గట్టిగా పనిచేస్తుంది.

లినక్స్ వేశాక టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టండి. చివర్లో వల్నరబిలిటీ అని వరసగా వస్తాయి. కోర్ 2 మీద మామూలుగా కనబడేది ఇది: మెల్ట్‌డౌన్ దగ్గర "మిటిగేషన్, పీటీఐ", అంటే పేజ్ టేబుళ్ళను వేరు చేసే అడ్డుగోడ ఉందని. స్పెక్టర్ వీ2 దగ్గర "రెట్‌పొలీన్స్". ఎండీఎస్ (చిప్పు లోపలి బఫర్ల నుంచి డేటా కారే ఇంకో లోపం) దగ్గర "వల్నరబుల్, నో మైక్రోకోడ్". స్పెక్ స్టోర్ బైపాస్ (స్పెక్టర్ కుటుంబంలోదే ఇంకో లోపం) దగ్గర "వల్నరబుల్". ఈ చివరి రెండూ మైక్రోకోడ్ లేనందువల్ల మిగిలిపోయినవి, మనం ఏం చేసినా అవి మారవు. అదే ఎన్270లో చూడండి, అన్నిటి పక్కనా "నాట్ అఫెక్టెడ్" అని ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఈ8400కి 64-బిట్ లినక్సే వెయ్యండి. 32-బిట్‌కి మెల్ట్‌డౌన్ అడ్డుగోడ ఆలస్యంగా, 2018 అక్టోబర్లో 4.19 కెర్నెల్‌తో వచ్చింది. 32-బిట్ అయితే ముప్పు లేదన్న మాట కూడా జనంలో ఉంది, అది తప్పు.

మాస్టారు_పాలకొల్లు | బుధవారం, మధ్యాహ్నం 1:15

పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పడానికి మా బళ్ళో రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డులు ఆరున్నాయి. దాతలిచ్చారు. వాటి పరిస్థితి కూడా చెప్పండి బాబూ.

వేఫర్_బెంగళూరు | బుధవారం, మధ్యాహ్నం 2:02

మాస్టారూ, నిశ్చింతగా ఉండండి. పై 3లో కార్టెక్స్ ఏ53 ఉంటుంది, వరసగా నడిచే కోర్. పై 1, పై జీరోలో ఏఆర్‌ఎం 1176 కూడా అంతే. 2018 జనవరిలో రాస్ప్‌బెర్రీ పై స్థాపకుల్లో ఒకరైన ఎబెన్ అప్టన్ దీని మీదే వ్యాసం రాశారు, మా బోర్డుకి ఎందుకు ఈ లోపాలు లేవో చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కలతో వివరిస్తూ. మీ పిల్లలకి పాఠంగా చెప్పదగ్గ వ్యాసం. 2019లో వచ్చిన పై 4 మాత్రం కార్టెక్స్ ఏ72, వరస తప్పించేది, దానికి స్పెక్టర్ ఉంది. పై 5 కూడా ఈ దారిలోదే. ఇక్కడ కొత్త బోర్డుకి లోపం ఉంది, పాతదానికి లేదు.

ఆస్టిన్_అబ్బాయి | బుధవారం, సాయంత్రం 6:40

మాస్టారి బోర్డుల లాగే ఇంటెల్, ఏఎండీ వైపు కూడా కొన్ని ఉన్నాయి, అవీ చెప్పాలి. 2018 తర్వాత ఇలాంటి లోపాలు చాలా బయటపడ్డాయి, వాటిలో కొన్ని పాత చిప్పుల దరిదాపులకి రావు.

2022 జులైలో ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్ళు రెట్‌బ్లీడ్ బయటపెట్టారు. రెట్‌పొలీన్ నమ్ముకున్న రిటర్న్ ఇన్‌స్ట్రక్షన్ మీదే దాడి అది. ఇంటెల్లో స్కైలేక్ తరాలకి, ఏఎండీలో జెన్ మొదటి తరాలకి తగిలింది. రిటర్న్ స్టాక్ ఖాళీ అయినప్పుడు స్కైలేక్ మామూలు బ్రాంచ్ పట్టికని అడుగుతుంది, దొంగ దూరేది అక్కడే. 2023 ఆగస్టులో డేనియల్ మొగిమీ డౌన్‌ఫాల్ చూపించాడు. అది గేదర్ అనే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్ దారిలో, ఆరో తరం నుంచి పదకొండో తరం ఇంటెల్ వరకు. కోర్ 2లో అసలు ఆ ఇన్‌స్ట్రక్షనే లేదు. అంతకు నెల ముందు టావిస్ ఆర్మాండీ చూపించిన జెన్‌బ్లీడ్ జెన్ 2 చిప్పులకే. టీఎస్ఎక్స్ అనే ఇంటెల్ సదుపాయం దారిలో వచ్చినవి 2013 నాటి హస్వెల్, ఆ తర్వాతి చిప్పులకి.

తెనాలి అన్న బావమరిది గారు "పాతది కాబట్టి పారెయ్" అన్నారు కదా. ఒక స్కైలేక్ తరం సెకండ్‌హ్యాండ్ కొని ప్యాచ్‌లు వేయకుండా పెట్టుకుంటే, దాని మీద ఉండే రంధ్రాలు ఈ8400 కన్నా ఎక్కువే.

ఇంకో మాట. వరసగా నడిచే చిప్పుకి స్పెక్టర్ లేదంటే, క్యాష్ ద్వారా ఏదీ తెలియదని కాదు. 2005లోనే కాలిన్ పర్సివల్ పెంటియం 4 హైపర్ థ్రెడింగ్ (ఒకే కోర్ మీద రెండు ప్రోగ్రాములు కలిసి నడిచే పద్ధతి) మీద పక్క ప్రోగ్రాము క్యాష్‌ని గమనించి ఆర్‌ఎస్‌ఏ అనే రహస్యలిపి తాళంచెవి లాగవచ్చని చూపించాడు. దానికి స్పెక్యులేషన్‌తో పనే లేదు. ఎన్270లో కూడా హైపర్ థ్రెడింగ్ ఉంది.

ఫుల్‌స్పీడ్_నెల్లూరు | బుధవారం, రాత్రి 8:30

ఇవన్నీ వేస్తే పాత సిస్టమ్ నత్తలా తయారవుతుంది. నేను కెర్నెల్ లైనులో మిటిగేషన్స్ ఆఫ్, అంటే ఈ రక్షణలేవీ వద్దు, అని పెట్టేస్తా. కోర్ 2కి ఉన్న కాస్త శక్తినీ ఎందుకు పోగొట్టుకోవాలి?

వేఫర్_బెంగళూరు | బుధవారం, రాత్రి 9:44

మీ బాధ నిజమే, కొట్టిపారెయ్యను. కోర్ 2కి పీసీఐడీ (ఏ చిరునామాల పట్టిక ఎవరిదో గుర్తు పెట్టుకునే సదుపాయం) లేదు, అది నెహలెమ్ తర్వాతి వెస్ట్‌మియర్ తరం నుంచి వచ్చింది. అది లేకపోతే ప్రోగ్రాము నుంచి కెర్నెల్లోకి, మళ్ళీ బయటికి వచ్చిన ప్రతిసారీ చిరునామాల పట్టిక క్యాష్ తుడిచిపెట్టుకుపోతుంది. ఫైళ్ళు, నెట్ ఎక్కువగా వాడే పనుల్లో ఆ భారం తెలుస్తుంది. 2018 జనవరిలో మైక్రోసాఫ్ట్ కూడా హస్వెల్, అంతకన్నా పాత చిప్పుల మీద విండోస్ 7, 8 నడిపితే చాలామందికి నెమ్మదించడం తెలుస్తుందని చెప్పింది.

కానీ ఆఫ్ చెయ్యడం ఎక్కడ సరైనదో చూసుకోవాలి. నెట్ లేని సిస్టమ్, మీరు తప్ప ఎవరూ ముట్టుకోనిది, మీరు వేసిన ప్రోగ్రాములు తప్ప వేరేవి నడవనిది అయితే ఆఫ్ చేసుకోండి, నేనూ అడ్డు చెప్పను. బ్రౌజర్ తెరిచే సిస్టమ్‌లో వద్దు. వెబ్ పేజీలో వచ్చే జావాస్క్రిప్ట్ అంటే ఊరూపేరూ తెలియనివాడి ప్రోగ్రాము మీ చిప్పు మీద నడవడం. స్పెక్టర్ పేపరులోనే జావాస్క్రిప్ట్ ఉదాహరణ ఉంది. 2021 మార్చిలో గూగుల్ వాళ్ళు క్రోమ్ 88లో, స్కైలేక్ మీద సెకనుకి ఒక కిలోబైటు లాగి చూపించారు. అందుకే బ్రౌజర్లు గడియారాన్ని మొద్దుబార్చాయి. ఫైర్‌ఫాక్స్ 57.0.4లో సూక్ష్మత 20 మైక్రోసెకన్లకి తగ్గించారు. క్రోమ్ 67 నుంచి డెస్క్‌టాప్‌లో ఒక్కో సైటునీ వేరు ప్రాసెస్‌లో పెట్టడం మొదలైంది. ఎక్స్‌పీకి ఈ క్రోమ్‌లు రావు, దానికి సపోర్టు 2016లోనే ఆపేశారు. ఎక్స్‌పీలో నడిచే చివరి ఫైర్‌ఫాక్స్ 52 కూడా 2018లో ఆగిపోయింది.

తెనాలి అన్నా, మీకు నా సలహా ఇదే. ఎక్స్‌పీ మీద నెట్ పెడితే స్పెక్టర్ దాకా ఎవరూ రానక్కర్లేదు. అంతకన్నా తేలికైన దారులు వందున్నాయి. 2017 మే నెలలో వన్నాక్రై ఏం చేసిందో గుర్తుందా? అది చిప్పు లోపం కాదు, ప్యాచ్ వేయని విండోస్ ఫైల్ షేరింగ్ లోపం. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ముందు ఆ తలుపు మూయాలి.

ఓరుగల్లు_లినక్స్ | బుధవారం, రాత్రి 10:20

అన్నా, ఇలా చెయ్యండి. ఈ8400కి ఇంకో హార్డ్ డిస్క్ తగిలించి దాని మీద 64-బిట్ లినక్స్ వేసి, నెట్ పనులు అక్కడ చేసుకోండి. పేజ్‌మేకర్ అవసరమైనప్పుడు నెట్ వైరు పీకి, ఎక్స్‌పీ డిస్కుతో బూట్ చెయ్యండి. లేదంటే ఎన్270కి 32-బిట్ డెబియన్ 12 వేసి నెట్‌కి దాన్ని వాడండి. 1 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్ కష్టపడుతుంది కానీ మెయిల్ చూసుకోవడానికి, ఫైలు దించుకోవడానికి సరిపోతుంది.

డీటీపీ_తెనాలి | శుక్రవారం, రాత్రి 9:15

రెండు రోజులు షాపు పనితోపాటు ఇదే పని. మీరందరూ చెప్పింది కాగితం మీద రాసుకుని మరీ చేశాను.

ఎక్స్‌పీ సిస్టమ్‌కి నెట్ వైరు పీకేశాను. పీకడమే కాదు, మళ్ళీ ఎవరూ అలవాటుగా పెట్టకుండా వెనకాల సాకెట్ మీద తెల్ల టేపు అంటించి "నెట్ పెట్టరాదు" అని అనులోనే ప్రింటు తీసి పెట్టాను. పేజ్‌మేకర్, ఫాంట్లు అన్నీ ఎప్పటిలాగే నడుస్తున్నాయి.

నెట్‌బుక్‌కి డెబియన్ వేశాం. పని మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్లో చెబుతుంటే నేను కొట్టాను. చివర్లో ఎల్‌ఎస్‌సీపీయూ కొడితే, ఓరుగల్లు తమ్ముడు చెప్పినట్టే వరసగా "నాట్ అఫెక్టెడ్" అని వచ్చింది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ వీ1, వీ2, ఎండీఎస్, రెట్‌బ్లీడ్, ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించాను. కస్టమర్లు మెయిల్లో పంపే ఫైళ్ళు ఇప్పుడు దాని మీదే దించి, పెన్‌డ్రైవ్‌లో ఎక్స్‌పీకి మారుస్తున్నా.

ఒక్కటి మిగిలింది. ఆ పెన్‌డ్రైవ్ కస్టమర్ల సిస్టమ్‌ల నుంచి కూడా వస్తూ పోతూ ఉంటుంది. వన్నాక్రై మాట విన్నప్పటి నుంచి అదే మనసులో పడింది. పెన్‌డ్రైవ్‌ని ముందు నెట్‌బుక్‌లో పెట్టి, వైరస్ ఉందో లేదో చూసి అప్పుడు ఎక్స్‌పీలో పెట్టాలంటే డెబియన్‌లో ఏది వెయ్యాలి?

ఓరుగల్లు_లినక్స్ | శుక్రవారం, రాత్రి 9:31

క్లామ్‌ఏవీ వెయ్యండన్నా. 1 జీబీ ర్యామ్‌కి దాని వైరస్ డేటాబేసు బరువే, కాబట్టి ముందు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) 2 జీబీ పెట్టుకోండి. ఎలాగో రేపు పొద్దున ఫోన్లో చెబుతా. అమ్మాయి లైన్లో లేకపోయినా ఫర్వాలేదు, మీకు చెయ్యి తిరిగింది.